మంచుకొండ మీద మా ఏడుగురు

మా ఆఫీసులో పనిచేసేది ఐదుగురం. మా వెబ్‌సైటు ప్రకారం ఏడుగురం, ఒక కుక్క. రెంటిలో ఏది నిజమన్న ప్రశ్న వచ్చినప్పుడు పెద్దవాళ్ళు వెబ్‌సైటు పక్షాన నిలబడ్డారు. నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. మేం ఐదుగురం చెమటలు కక్కుకుంటూ వస్తాం, ఏసీలోంచి నీళ్ళు కారుతున్నాయంటాం, కుర్చీ విరిగిందంటాం. వెబ్‌సైటులో ఉన్న ఏడుగురూ పగలూ రాత్రీ నవ్వుతూనే ఉంటారు. యజమాని అన్నవాడు ఎవరిని నమ్ముతాడు?

మా వృత్తే వెబ్‌సైట్లు తయారుచెయ్యడం. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక బేకరీ మీద మేడ మా ఆఫీసు. ఊళ్ళో పళ్ళ డాక్టర్లకీ, పచ్చళ్ళ వాళ్ళకీ, పెళ్ళి మండపాలకీ అందమైన వెబ్‌సైట్లు చేసిపెట్టాం. మాకు మాత్రం లేదు. తీరాంధ్ర శీతల గిడ్డంగుల సమాఖ్య వాళ్ళ వెబ్‌సైటు చేసే పెద్ద పని కోసం దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ లోటు బయటపడింది. మా యజమాని చక్రధర్ గారు ఒక్క పూటలో విదేశీ టెంప్లేటు ఒకటి కొని పెట్టేశారు.

టెంప్లేటంటే మరేం లేదు. కొత్తగా కాపురం పెట్టినవాళ్ళు ఫొటో ఫ్రేము కొంటారు. అందులో అప్పటికే ఎవరో తెల్లటి దంపతులు నవ్వుతూ ఉంటారు. మన ఫొటో పెట్టేదాకా ఆ ఇంట్లో కాపురం వాళ్ళదే. నేనూ ఈమధ్యే ఒక ఫ్రేము కొన్నాను కాబట్టి చెబుతున్నాను. టెంప్లేటులోనూ అంతే, ఎవరివో బొమ్మలు, ఎవరివో కబుర్లు నింపి ఇస్తారు. కొన్నవాళ్ళు వాటిని తీసేసి తమవి పెట్టుకోవాలి. చక్రధర్ గారు కంపెనీ పేరు మార్చారు, ఫోన్ నంబరు మార్చారు, మొత్తాన్ని యంత్రం చేత తెలుగులోకి తిప్పించారు. 'మా బృందం' అనే పేజీ మార్చడం మరిచిపోయారు. ఆ పేజీలో ఇలా ఉంది:

'మేము ఏడుగురం, ఒక కుక్క. వారాంతాల్లో మేము కలిసి మంచుకొండలు ఎక్కుతాము. మేము రొట్టెలు కాల్చుటను ప్రేమిస్తాము. ఆలివర్ మా ఆనంద విభాగాధిపతి, అతడు ఆఫీసులో నిద్రించుటను ప్రేమిస్తాడు. పని అయిపోయిన తరువాత కూడా మేము విడిపోము.'

దాని కింద మంచుకొండ మీద ఏడుగురు తెల్లవాళ్ళు భుజాల మీద చేతులు వేసుకుని నవ్వుతున్న ఫొటో, ఒక్కొక్కరి కింద ఒక పేరు. ఆలివర్ కుక్క.

ఇదంతా జరుగుతున్నప్పుడు నేను పెళ్ళి సెలవులో ఉన్నాను. మా ఆయన పేరు వరాహ నరసింహం. అనకాపల్లిలో జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతారు. నేను నిద్ర లేవకముందే బస్సెక్కుతారు, చీకటి పడ్డాక వస్తారు. మేమిద్దరం ఒకరినొకరు పగటి వెలుగులో చూసుకునేది ఆదివారం ఒక్కరోజే. ఆ రోజుకి మేమొక ముచ్చటైన పథకం వేసుకున్నాం. వారానికొక సిటీ బస్సు ఎక్కి, అది ఎక్కడ ఆగిపోతుందో అక్కడిదాకా వెళ్ళి, అక్కడ టీ తాగి తిరిగి రావడం. మా పెద్దత్తగారు విని "హనీమూన్ అంటే ఊటీ వెళ్తారు గానీ డిపోకి వెళ్తారా" అని ముక్కున వేలేసుకున్నారు. ఆవిడకేం తెలుసు! కిటికీ పక్క సీటు నాకిచ్చి ఆయన మధ్యలో కూర్చుంటారు. నేను "ఏవండీ" అంటాను. అవసరం ఉండి కాదు, అనడం ఇంకా కొత్తగా ఉంది కాబట్టి.

ఒక్క రూటు పూర్తయిందో లేదో, సమాఖ్య ఉత్తరం వచ్చింది.

*

ఉత్తరాన్ని చక్రధర్ గారు నిలబడి చదివారు. మమ్మల్నీ నిలబడమన్నారు.

"'సదరు సంస్థ బృందము పని ముగిసిన పిమ్మట సైతము విడిపోకుండుట, సమాఖ్య మూలసూత్రమైన గడ్డకట్టిన ఐక్యతకు నిదర్శనముగా భావించి, పనిని వారికే అప్పగించుటకు తీర్మానించడమైనది. సదరు పేజీ ఒప్పందమునకు అనుబంధముగా చేర్చబడినది. అందలి విషయములపై భౌతిక పరిశీలన జరుపబడును.'"

ఆయన చదవడం ఆపి మమ్మల్ని ఐదుగురినీ చూశారు. ఆ చూపులో మొదటిసారిగా నిరాశ కనిపించింది. మేం ఏడుగురం కాదు.

మాలో కోడు రాసే షాహీన్ సూటిమనిషి. "పేజీ మార్చేద్దాం సార్. టీ చల్లారేలోపు అయిపోతుంది," అంది.

"షాహీన్ గారూ, పేజీ మార్చాలంటే సమాఖ్య సాంకేతిక సంఘం ఒప్పుకోవాలి. ఆర్థిక సంఘం ఒప్పుకోవాలి. తర్వాత సర్వసభ్య సమావేశం ఒప్పుకోవాలి. మిమ్మల్ని మార్చడానికి నేనొక్కణ్ణి చాలు."

మా చదువుల్లో ఎక్కడా దీనికి జవాబు చెప్పలేదు.

మర్నాటినుంచి 'వెబ్‌సైటు వాస్తవీకరణ కార్యక్రమం' మొదలైంది. దీన్ని నడపడానికి చక్రధర్ గారి తోడల్లుడి చెల్లెలు సంధ్యావళి గారిని ఆనంద సమన్వయకర్తగా నియమించారు. ఆవిడ మెడలో విజిలు వేసుకుని వచ్చారు. ఆనందాన్ని సమన్వయం చెయ్యడానికి ఇంకేం పరికరాలు కావాలో ఆవిడకీ తెలియదు.

ముందుగా ఏడుగురి సమస్య. బొమ్మలు కూర్చే కూర్మారావుది ఆమదాలవలస. భారీ మనిషి. సంధ్యావళి గారు ఆయన్ని ఎగాదిగా చూసి, "మీరు హెన్రిక్, మార్కో, వాలెరీ. ముగ్గురు," అన్నారు.

"ముగ్గురికీ భోజనాలెట్టిస్తారేటండీ?" అన్నాడు కూర్మారావు.

"ముగ్గురి ఉత్సాహం చూపిస్తే చాలు."

"వాలెరీ ఆడమనిసి కదండీ."

"ఆవిడ ఫొటోలో వెనక వరసలో ఉంది. ఎవరూ చూడరు."

మాలో మిగిలిన విక్టర్‌కీ పైడిరాజుకీ చెరొక గడ్డం ఉన్న మొహం దొరికింది. షాహీన్‌కి కళ్ళజోడు ఉన్న మొహం దొరికింది. నాకు ఇంగ్రిడ్ వచ్చింది. ఇంగ్రిడ్ బొమ్మ మీద వేలు పెడితే చిన్న వాక్యం ఒకటి తేలుతుంది: 'నేను ఒంటరిని మరియు స్వేచ్ఛను.'

"నాకు పెళ్ళయిందండీ," అన్నాను.

చక్రధర్ గారు చాలా మర్యాదస్తులు. గొంతు తగ్గించి, "మృదుల గారూ, మీ పెళ్ళి మీద కంపెనీకి ఏ అభ్యంతరమూ లేదు. నేను స్వయంగా వచ్చి అక్షింతలు వేశాను. అభ్యంతరం పేజీది," అన్నారు.

కుక్క విషయం తేలిగ్గా తేలింది. కింద బేకరీ మెట్ల మీద పడుకునే లచ్చిని పైకి తెచ్చి, ఆలివర్ అని పిలిచారు. అది చెవి కూడా కదపలేదు. ఆనంద విభాగాధిపతి హోదాలో దానికి ఏసీ ఎదురుగా దిండు వేశారు. లెక్క ప్రకారం సంధ్యావళి గారికి అది పై అధికారి. ఆవిడ మొదటి రోజునుంచే దానికి నమస్కారం పెట్టడం మొదలుపెట్టారు.

*

మాకు ఉమ్మడి సరదాలు లేవని కాదు. ప్రతి శనివారం పని ముగించి మేం ఐదుగురం బీచిరోడ్డుకి నడిచేవాళ్ళం. మరమరాలూ పల్లీలూ కలిపిన మూరీ మిక్చరు పొట్లం తలా ఒకటి పట్టుకుని, దూరంగా లంగరేసిన ఓడల్లో ముందు ఏది కదులుతుందా అని పందేలు వేసుకునేవాళ్ళం. పైడిరాజు వేసిన ఓడ ఒక్కనాడూ కదిలేది కాదు. కూర్మారావు అతనికి 'ఎర్రజెండా' అని పేరు పెట్టాడు. ఎవరూ రమ్మని అడిగేవారు కాదు, ఎవరూ మానేవారు కాదు.

వాస్తవీకరణ మొదలైన శనివారం మేం అలవాటు కొద్దీ అక్కడే ఉన్నాం. వెనకనుంచి విజిలు వినిపించింది.

"ఏం చేస్తున్నారు మీరు?" అన్నారు సంధ్యావళి గారు.

"మూరీ మిక్చరండీ. తింటారా?" అంది షాహీన్.

"ఇది పేజీలో ఉందా?"

పైడిరాజు తన పొట్లం వెనక్కి దాచాడు.

"ఇది ప్రచురించని అభిరుచి. బృందం ఫలానా పని ఇష్టపడుతుందని లోకానికి చెప్పి, చాటుగా ఇంకొకటి ఇష్టపడడాన్ని ఏమంటారు? మోసం అంటారు. పొట్లాలు ఇలా ఇవ్వండి."

పొట్లాలు ఇచ్చేశాం. వాటిని సాక్ష్యంగా ఆఫీసుకి తీసుకెళ్ళారు. సోమవారానికల్లా సాక్ష్యంలో పల్లీలు తగ్గాయి.

*

ఆదివారం మంచుకొండ ఎక్కాలని ఉత్తర్వు వచ్చింది. రోహిణి కార్తె. రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటోంది. లంబసింగిలో పొగమంచు పడాలన్నా చలికాలం రావాలి. కొండకి మంచు రానప్పుడు మంచునే కొండ చేస్తే సరిపోతుందని చక్రధర్ గారికి తోచింది. సమాఖ్యలో సభ్యత్వం ఉన్న ఐసు ఫ్యాక్టరీ ఒకటి ఫిషింగ్ హార్బరు పక్కనే ఉంది. అక్కడ ఐసుదిమ్మలు గుట్టగా పేర్చి ఉంటాయి.

స్వెట్టర్లు, మంకీ టోపీలు, ఉన్ని గ్లవుజులు వేసుకుని మేం ఐదుగురం హార్బరులో దిగేసరికి జనం దారిచ్చారు. ఏదో అంటురోగమనుకున్నారు. రేకు తట్టలో చేపలు పెట్టుకుని కూర్చున్న పోలమ్మ అనే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఏటమ్మా, ఈ ఎండల్లో స్వెట్టర్లేటి? ఒంట్లో బాగునేదా?"

"మేం మంచుకొండ ఎక్కుతున్నామండీ."

"ఎక్కీసి ఏటి సేత్తారు?"

"నవ్వుతాం."

ఆవిడ నా గ్లవుజు తడిమి చూసింది. "సరే గానమ్మా, దిగినప్పుడు ఒకట్రెండు ముక్కలు ఇలాగ తోసీయండి. నా వంజరాలు మెత్తబడిపోతన్నాయి."

ఆరోజు మొత్తం మీద పనికొచ్చే మాట మాట్లాడింది ఆవిడే.

ఐసుగుట్ట మీద ఊకపొట్టు చల్లి ఉన్నా జారుతోంది. సంధ్యావళి గారు కింద గొడుగు వేసుకుని నిలబడి, "విడిపోవద్దు! విడిపోవద్దు!" అని విజిలు వేస్తున్నారు. అందుకని చేతులు పట్టుకుని ఎక్కాం. చేతులు పట్టుకోవడం వల్ల విక్టర్ ఒక్కడు జారితే ఐదుగురం జారాం. ముగ్గురి ఉత్సాహంతో కూర్మారావు నా మీద పడ్డాడు.

"సారీ అమ్మా మృదులా," అన్నాడు లేస్తూ. "నేను ఆపుకున్నాను గానీ ఆ వాలెరీయే ఆగలేదు."

నాలుగోసారికి పైకి చేరాం. నవ్వమన్నారు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి కాబట్టి నవ్వినట్టే వచ్చింది.

దిగి వచ్చేసరికి గేటు దగ్గర మా ఆయన నిలబడి ఉన్నారు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో మజ్జిగ సీసా. నన్ను చూసి, అంటే మంకీ టోపీలో, రొయ్యల వాసనతో ఉన్న నన్ను చూసి, ఆయన మొహం వెలిగింది. కొత్తలో మొగుళ్ళు అలాగే ఉంటారట. నేను పరుగెత్తబోయాను. విజిలు మోగింది.

"ఇంగ్రిడ్!" అన్నారు సంధ్యావళి గారు. "ఆయనెవరు?"

"మా ఆయనండీ."

"ఫొటోలో రాకూడదు. పక్కకి జరగమనండి."

ఆయన జరిగారు. ఇంకా జరగమన్నారు. హార్బరు గోడ అవతలికి వెళ్ళేదాకా జరిపారు. మజ్జిగ సీసా మాత్రం గోడ మీదనుంచి అందించారు.

*

రొట్టెల కార్యక్రమం గురించి పెద్దగా చెప్పను. కింద బేకరీ వాళ్ళ పొయ్యి ముందు మమ్మల్ని నిలబెట్టారు, మేం ప్రేమించాం, రొట్టెలు మాడాయి, బేకరీ వాళ్ళు తిట్టారు.

అసలు చిక్కు చివరి వాక్యం దగ్గర వచ్చింది. పని అయిపోయిన తరువాత కూడా మేము విడిపోము. ఆదివారాలు మాత్రమే విడిపోకుండా ఉంటే చాలదా అని షాహీన్ అడిగింది. 'ఆదివారం' అని పేజీలో లేదని సంధ్యావళి గారు చూపించారు. పని రోజూ అయిపోతుంది కాబట్టి రోజూ విడిపోకూడదు. రోజుకొకరి ఇంటికి అందరూ కలిసి వెళ్ళాలి.

మొదటి రోజు షాహీన్ వాళ్ళింటికి వెళ్ళాం. వాళ్ళమ్మగారు ఎవరికైనా ప్రమాదం జరిగిందేమోనని ఏడవబోయారు. రెండో రోజు మా ఇంటికి. మాది రెండు గదుల ఇల్లు. ఆయన అనకాపల్లి నుంచి వచ్చి తలుపు తీసేసరికి ముందుగదిలో చాప మీద మేం ఐదుగురం, కుర్చీలో సంధ్యావళి గారు, మా కొత్త పరుపు మీద ఆలివర్ అనబడే లచ్చి.

"బావున్నారా?" అన్నారు ఆయన అందరినీ ఉద్దేశించి.

"మేము విడిపోము," అన్నాడు కూర్మారావు విచారంగా.

ఆయన చొక్కా చేతులు మడిచి, అందరికీ ఉప్మా చేశారు. నేను సాయం చెయ్యడానికి లేవబోతే, వంటింట్లోకి వెళ్ళడం విడిపోవడం కిందికి వస్తుందని సంధ్యావళి గారు ఆపారు. వంటింటి గుమ్మంలోంచి ఆయన, చాప మీదనుంచి నేను ఒకరినొకరు చూసుకున్నాం. పరిచయం లేని ఇద్దరు మనుషులు ఒకే రైల్లో ఎదురెదురు బెర్తుల్లో చూసుకున్నట్టు.

అందరూ వెళ్ళాక ఆయన పరుపు మీద వెంట్రుకలు దులుపుతూ అన్నారు. "మృదూ, నా తోటి లెక్చరర్లు అడుగుతున్నారు, కొత్త కాపురం ఎలా ఉందని. ఏం చెప్పమంటావు?"

"ఏడుగురికి సరిపోతుందని చెప్పండి," అన్నాను. ఆయన నవ్వారు గానీ, ఆ నవ్వు పూర్తికాలేదు.

ఆ వచ్చే ఆదివారమైనా ఆయనతో బస్సెక్కాలని సెలవు చీటీ రాశాను. ఆనందానికి సంబంధించిన సెలవు కాబట్టి ఆనంద విభాగాధిపతి సంతకం కావాలన్నారు. సంధ్యావళి గారు కాలిముద్ర కోసం స్టాంపుప్యాడు తెచ్చి లచ్చి ముందు పెట్టారు. కాగితం పరిచారు. లచ్చి నిద్రపోతోంది.

"లేపుదామండీ," అన్నాను.

"అధికారులు పనిలో ఉండగా కదపకూడదు."

మా ఆయన ఆ పూట సెలవు పెట్టుకుని వచ్చి ఉన్నారు. జేబులోంచి బిస్కెట్టు తీశారు.

"అది లంచం అవుతుంది!" సంధ్యావళి గారు అరిచారు.

అరుపుకి లచ్చి లేచింది. బిస్కెట్టుని చూసింది, మమ్మల్ని చూసింది, ముందున్న కాగితాన్ని చూసింది. లేచి ఒళ్ళు విరుచుకుని, నా సెలవు చీటీని నమిలి మింగేసింది.

సంధ్యావళి గారు రిజిస్టరు తెరిచి, "దరఖాస్తు స్వీకరించడమైనది. పరిశీలనలో ఉన్నది," అని రాసుకున్నారు.

"పరిశీలన ఎప్పటికి పూర్తవుతుందండీ?" అడిగారు మా ఆయన.

"అది వారి అరుగుదలని బట్టి ఉంటుంది."

ఆ ఆదివారం కూడా ఐసుగుట్ట ఎక్కాను. ఎక్కుతూ ఒక నిర్ణయానికి వచ్చాను. సమాఖ్య పరిశీలనాధికారి వచ్చినప్పుడు ఉన్నమాట చెప్పేస్తాను. పని పోతే పోనీ, ఉద్యోగం ఊడితే ఊడనీ. ఒక మనిషిని పెళ్ళి చేసుకున్నాక అతని మొహం పగలు ఎలా ఉంటుందో మరిచిపోయే పరిస్థితి రాకూడదు.

*

భౌతిక పరిశీలనాధికారి త్రినాథరావు గారు మధ్యాహ్నం భోజనం అయ్యాక వచ్చారు. చేతిలో మా పేజీ అచ్చుకాగితం, దాని అడుగున మూడు సంఘాల గుండ్రటి ముద్రలు. మమ్మల్ని వరసగా నిలబెట్టి, కాగితాన్నీ మమ్మల్నీ మార్చి మార్చి చూశారు.

"ఇంగ్రిడ్ అనువారు ఎవరు?"

"నేనండీ."

"శిరోజములు బంగారు వర్ణమని కానవచ్చుచున్నది."

"కొబ్బరినూనె సార్," అన్నారు సంధ్యావళి గారు అందుకుని. "రాసీ రాసీ నల్లబడింది."

"హెన్రిక్?"

"నేనేనండి," అన్నాడు కూర్మారావు.

"మార్కో?"

"నేనేనండి."

"వాలెరీ?"

కూర్మారావు నేలచూపులు చూసి, గొంతు సన్నం చేసి, "నేనేనండి," అన్నాడు.

త్రినాథరావు గారు కలం తీశారు. ఇక ఆగితే రాసేస్తారు. నేను వరసలోంచి ముందుకు వచ్చాను.

"సార్, ఆ ఫొటోలో ఉన్నది మేం కాదు."

చక్రధర్ గారు చేతిలోని కూల్‌డ్రింకు గబగబా త్రినాథరావు గారికి అందించబోయారు.

"వాళ్ళెవరో మాకు తెలియదు. ఆ రాతలు కొన్న రాతలు. మేం ఐదుగురమే. మాకు మంచుకొండలు వద్దు, రొట్టెలు రావు. మీ పని ఇప్పటిదాకా చేసిందీ, రేపు చేసేదీ మేమే. పని అయిపోతే మేం ఇళ్ళకి వెళ్ళిపోతాం సార్. ఇళ్ళల్లో మనుషులున్నారు."

అంత పెద్ద మాట నేను పెళ్ళిచూపుల్లో కూడా మాట్లాడలేదు. షాహీన్ వెనకనుంచి నా చున్నీ కొస గట్టిగా పట్టుకుంది.

త్రినాథరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కోపం రాలేదు. చాలా నిదానంగా అడిగారు.

"అమ్మా, ఈ కాగితము మీద సాంకేతిక సంఘము ముద్ర ఉన్నదా?"

"ఉందండీ."

"ఆర్థిక సంఘము ముద్ర? సర్వసభ్య సమావేశము ముద్ర?"

"ఉన్నాయండీ."

"మీ మీద ఏ ముద్ర ఉన్నది?"

నేను నా చేతులు చూసుకున్నాను. గోరింటాకు కూడా పోయింది.

"లేదండీ."

"మూడు ముద్రలున్నవారు అబద్ధమూ, ఒక్క ముద్రయూ లేనివారు నిజమూ అగుట ఎట్లు సంభవము? కావున ఫొటోలోని ఏడుగురే అసలు బృందము. మీరు కారు. మీరే ఒప్పుకొనుచున్నారు కూడ." ఆయన చక్రధర్ గారి వైపు తిరిగారు. "అసలు బృందము ఇప్పుడెక్కడున్నది?"

చక్రధర్ గారు జీవితంలో ఎన్నో వ్యాపారాలు చేసి మునిగారు, కానీ మునిగే ముందు తెడ్డు వెయ్యడం తెలిసిన మనిషి. కాగితంలోని ఫొటో కేసి ఒక్కసారి చూసి, "మంచుకొండ మీద ఉన్నారు సార్," అన్నారు.

"ఫొటోతో సరిపోలుచున్నది. మరి ఈ ఐదుగురు?"

"వాళ్ళు తిరిగి వచ్చేదాకా పని చూస్తున్నారు సార్. తాత్కాలికం."

"తాత్కాలికులకు విహారములు, అభిరుచులు, విడిపోకుండుట వర్తించవు. పని ముగియగానే ఆవరణ ఖాళీ చేయవలెను. ఆదివారములు కార్యాలయ కార్యక్రమములలో కనబడరాదు." రాసుకుంటూ గది మూలకేసి చూశారు. ఏసీ ఎదురుగా లచ్చి గుర్రు పెడుతోంది. కాగితం తిప్పి చూసుకున్నాక, మొదటిసారిగా ఆయన మొహంలో తృప్తి కనిపించింది. "'ఆఫీసులో నిద్రించుటను ప్రేమిస్తాడు.' ఈ ఒక్కరు మాత్రము అక్షరాలా సరిపోయినారు."

ఆయన వెళ్ళాక కూర్మారావు అడిగాడు. "అంటే సార్, మేం బృందం కాదన్నమాట?"

"కాదయ్యా," అన్నారు చక్రధర్ గారు చెమట తుడుచుకుంటూ. "మీరు పని చేసేవాళ్ళు. అంతే."

"మరైతే బేగి ఇంటికెళ్ళొచ్చునేటి?"

"వెళ్ళి తీరాలి. రూలు."

ఆ సాయంత్రం మా నడకలు చూస్తే జైలు గేటు తీశారనుకుంటారు. సంధ్యావళి గారు ఖాళీ అవుతారేమోనని నేను కొంచెం కంగారు పడ్డాను. అలాంటిదేం జరగలేదు. మంచుకొండ మీద ఉన్న ఏడుగురి ఆనందాన్ని ఆవిడ ఇక్కడినుంచే సమన్వయం చేస్తున్నారు. ఫిర్యాదులు లేవట. ఇంత క్రమశిక్షణ గల సిబ్బందిని తాను చూడలేదని అందరితోనూ అంటున్నారు.

*

సమాఖ్య వెబ్‌సైటు పూర్తయింది. పని బాగుందన్నారు. గడ్డకట్టిన ఐక్యతా దినోత్సవం నాడు ఉత్తమ బృందానికి కప్పు ప్రకటించారు. ఆ కార్యక్రమం ఆదివారం పెట్టారు. ఆదివారాలు మేం కనబడకూడదు కాబట్టి మమ్మల్ని పిలవలేదు. బృందం కొండ మీద ఉన్నందున కప్పుని వారి తరఫున చక్రధర్ గారు అందుకున్నారు. ఆనంద విభాగాధిపతికి శాలువా కప్పారు. అది శాలువా మీదే పడుకుంది.

ఇవన్నీ షాహీన్ ఎక్కడో సంపాదించి నా ఫోన్‌కి పంపిన ఫొటోల్లో చూశాను. అప్పుడు నేనూ మా ఆయనా ఒక బస్సు ఆగిపోయిన చోట, రేకుల కొట్టు కింద బల్ల మీద కూర్చుని ఉన్నాం. వాన పడుతోంది. తొలకరి. ఆయన గ్లాసులో టీ సగం అయిపోయింది, నా గ్లాసులోది ఆయన తాగుతున్నారు. నేను చూడనట్టు నటిస్తున్నాను. పగటి వెలుగులో ఆయన ఎడమ కనుబొమ్మ కుడిదానికంటే కొంచెం పైకి ఉందని ఆరోజే కనిపెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

ఆయన నా భుజం మీదుగా ఫోన్‌లోకి చూశారు. వేదిక మీద కప్పు, వెనక గోడంత పెద్దగా అచ్చువేయించిన ఏడుగురి నవ్వులు.

"నువ్వు కళ్ళు పోగొట్టుకుని చేసిన పనికి కప్పు వాళ్ళకా?" అన్నారు. "నీకు ఒళ్ళు మండట్లేదూ?"

నేను నిజాయితీగా ఒళ్ళు మండించుకుందామని ప్రయత్నించాను. రాలేదు. ఫొటో దగ్గరగా పెట్టుకుని వాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూశాను. ఇంగ్రిడ్ని ఇంకొంచెం సేపు చూశాను. ఎండలు వెళ్ళిపోయాయి, వానలు వచ్చేశాయి, వాళ్ళు మాత్రం భుజాల మీద చేతులు వేసుకుని అదే కొండ మీద నిలబడి నవ్వుతున్నారు. ఒక్కరికీ ఇంటికెళ్ళే వీల్లేదు.

"పాపమండీ," అన్నాను.